బస్సు చార్జీ

చిట్కుల్‌లో ఒక హెల్పర్ ఉండేవాడు. నారాయణఖేడ్ దిక్కు నుంచి ఇంటర్ సగంలో వదిలేసి వచ్చినవాడు. నలుగురు కుర్రాళ్లు కలిసి ఒక గది అద్దెకు తీసుకున్నారు. ఇద్దరిది పగటి షిఫ్టు, ఇద్దరిది రాత్రి షిఫ్టు అయితే రెండు చాపలతోనే గడిచిపోయేది. షిఫ్టులు కలిసిన వారం మాత్రం ఒకడు గడప దగ్గర పడుకోవాలి. ఎక్కువసార్లు ఆ ఒకడు వీడే.

పని పాశమైలారంలో, ఒక ఫ్యాబ్రికేషన్ షెడ్డులో. మందుల కంపెనీలకు స్టీలు రియాక్టర్లు, ట్యాంకులు, పైపులైన్లు చేసిపెట్టే షెడ్డు. గ్రైండింగ్ పట్టడం, పైపులు మోయడం, వెల్డర్ చెయ్యి చాపితే రాడ్ అందించడం వీడి పని. ఈ కథలో ఊళ్లకు పేర్లున్నాయి, పరుగెత్తిన అమ్మాయికి పేరుంది. షెడ్డులో మనుషులకు మాత్రం పేర్లు లేవు. నీతి కథల్లో కాకినీ నక్కనీ పేరేమిటని ఎవరూ అడగరు కదా.

హెల్పర్ జీతానికి వెల్డర్ జీతం దాదాపు రెట్టింపు. అయితే మందుల కంపెనీవాళ్లు ఎవరితో పడితే వాళ్లతో అతుకు పెట్టించుకోరు. టెస్టు పాసవ్వాలి. ఒక పైపును నలభై అయిదు డిగ్రీల వాలులో బిగిస్తారు. షెడ్డు భాషలో దాన్ని సిక్స్ జీ అంటారు. పైపు తిరగదు, వెల్డరే దాని చుట్టూ తిరగాలి. కాసేపు నిలబడి, కాసేపు వంగి, చివరికి కిందికి దూరి వెల్లకిలా పడుకుని ఆర్గాన్ టార్చితో అతుకు నడిపించాలి. చల్లారాక ఆ అతుకు మీంచి పట్టీలు కోసి, ప్రెస్సులో పెట్టి యూ ఆకారంలో వంచుతారు. వంచినచోట మూడు మిల్లీమీటర్లకు మించి నోరు తెరిస్తే ఫెయిల్.

వాడు మొదటిసారి ఫెయిలయ్యాడు. రెండోసారీ అంతే. రెండుసార్లూ అతుకు పైకి చేప పొలుసుల్లా అందంగానే ఉంది. లోపల రూట్, అంటే అతుకు అడుగు పొర, పట్టలేదు. కింద పడుకుని కొట్టాల్సిన చోటికి వచ్చేసరికి భయంతో చెయ్యి పరుగెత్తేది.

అదే షెడ్డులో ఒక పెద్ద మేస్త్రీ ఉన్నాడు. చిట్కుల్ మనిషే. వాళ్ల నాయన కాలంలో చెరువు కింద వరి వేసేవాళ్లు. కంపెనీలు వచ్చాక నీళ్లు చెడిపోయి, పొలాలు ప్లాట్లయి, కొడుకు హోల్డర్ పట్టాడు. మాట తక్కువ, చెయ్యి మంచిది. ఆయన చేతికింద ఎంతమంది హెల్పర్లు వచ్చి వెళ్లారో లెక్క లేదు. ఎవరైనా నేర్పమని అడిగితే ఒకటే జవాబు: "జూసి నేర్సుకోవాలె. మేం గట్లనే నేర్సుకున్నం." అందులో అబద్ధం లేదు.

2024 సెప్టెంబర్ 3. బి షిఫ్టు వదిలాక అందరూ ఇస్నాపూర్ చౌరస్తాలో టీ బండి దగ్గర ఆగారు. ఎవరి ఫోన్‌లోనో పారిస్ పారాలింపిక్స్ వస్తోంది. ఆడవాళ్ల నాలుగు వందల మీటర్ల ఫైనల్. మన వరంగల్ పిల్ల దీప్తి జీవాంజి పరుగెత్తుతోందని తెలిసి బండివాడు కూడా గరిటె పక్కన పెట్టి వచ్చాడు. 55.82 సెకన్లు. మూడో స్థానం, కాంస్యం. చౌరస్తాలో ఈలలు పడ్డాయి. మన హెల్పర్ ఈల వేయలేదు. కళ్లు తుడుచుకున్నాడు. ఆ రాత్రి గదికి పోయి ఫోన్ వాల్‌పేపర్ మార్చాడు.

మరునాటి నుంచి వాడు వేరే మనిషి. షిఫ్టు అయ్యాక ఓవర్‌టైం, ఓవర్‌టైం అయ్యాక తుక్కు పైపుల మీద దొంగచాటుగా రాడ్ కొట్టడం. అన్నం మానేశాడు, నిద్ర మానేశాడు. ఆమె చేయగలిగినప్పుడు నేనెందుకు చేయలేనని అడిగినవాడికీ అడగనివాడికీ చెప్పాడు. నెల తిరక్కుండానే కాంట్రాక్టర్ కాళ్లావేళ్లా పడి మూడోసారి టెస్టుకు కూర్చున్నాడు.

నిద్రలేని చెయ్యి వణికింది. పట్టీ వంచుతుంటే అతుకు మధ్యకు చిట్లింది. మునుపటి రెండుసార్లకన్నా అధ్వానం.

ఆ సాయంత్రం వాడు బ్యాగు సర్దుకుని ఇస్నాపూర్‌లో సంగారెడ్డి బస్సు కోసం నిలబడ్డాడు. మేస్త్రీ స్కూటర్ మీద వస్తూ చూసి ఆపాడు.

"ఏడికిరా?"

"ఇంటికి మేస్త్రీ. ఇగ రాను. నాతోని గాదు."

మేస్త్రీ స్కూటర్ స్టాండు వేశాడు. ఓదార్చడం ఆయనకు చేతకాదు. కాసేపు రోడ్డు చూసి అన్నాడు:

"ఆ పిల్ల ఎన్ని సెకన్లు ఉరికింది?"

"యాభై అయిదు."

"గా యాభై అయిదే జూసినవ్ నువ్వు. దానికి ముంగట ఏమైందో పేపర్ల రాసిండ్రు, సదివినవా?"

వాడు తల అడ్డంగా ఊపాడు. మేస్త్రీ ఆ రోజు కన్నా ఎక్కువగా ఎన్నడూ మాట్లాడి ఉండడు. కల్లెడ ఊళ్లో ఆ పిల్లను పిచ్చిది అన్నారనీ, కోతి అన్నారనీ, అనాథాశ్రమంలో వదిలెయ్యమని తల్లికి సలహాలు ఇచ్చారనీ చెప్పాడు. తాత చనిపోయాక ఉన్న పొలం అమ్ముకున్నారు. తండ్రి కూలికి పోతే రోజుకు నూరో నూటయాభయ్యో. పిల్ల ఏడుస్తూ ఇంటికి వస్తే తల్లి తీపి అన్నం వండి పెట్టేది.

"ఒక కోచ్ జూసి, పిల్లను హైదరాబాద్ తోలుండ్రి, నేను నేర్పిస్త అన్నడంట. తోలనీకి బస్సు చార్జీలు లెవ్వు. ఇగ ఏంజేస్తరు? ఉరికే కాళ్లున్నయ్, టికెట్ పైసలు లెవ్వు. గప్పుడు గా కోచే ఆసరయిండు. పిల్ల బస్సెక్కింది. యాభై అయిదు సెకన్లు గాడ సురువైనయ్‌రా, పారిస్‌ల గాదు."

హెల్పర్ చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత మెల్లగా అన్నాడు, కోపం లేకుండానే: "ఆమెకు ఒకరున్నరు మేస్త్రీ. నాకు ఎవరున్నరు? మూడేండ్ల సంది మీ పక్కనే ఉన్న. ఒక్కనాడన్న టార్చి నా చేతికి ఇచ్చిండ్రా?"

సంగారెడ్డి బస్సు వచ్చింది, ఆగింది, వెళ్లిపోయింది. వాడు ఎక్కలేదు. మేస్త్రీ ఎక్కొద్దని చెప్పనూ లేదు. స్కూటర్ స్టార్ట్ చేస్తూ ఒకటే మాట అన్నాడు: "రేపు షిఫ్టుకు గంట ముందు రా."

కాంట్రాక్టర్ గొణిగాడు. తుక్కు పైపులకు ఏమీ అనలేదు గానీ, ఆర్గాన్ సిలిండర్ ఎవడబ్బ సొమ్మని అడిగాడు. ఉత్తదవబోతున్న సిలిండర్ల అడుగున మిగిలేదే వాడుకుంటామన్నాడు మేస్త్రీ. అదీ చాలని రోజున ఫిల్లర్ రాడ్లు తన డబ్బులతో కొన్నాడు. మొదటి నెలంతా రూట్ తప్ప ఇంకేమీ కొట్టనివ్వలేదు. ప్రతి ముక్కనూ నిలువునా కోసి, లోపలివైపు సెల్‌ఫోన్ లైటు వేసి చూపించేవాడు. "ఈడ ఆగలే. ఈడ ఉరికినవ్. ఈడ మంచిగుంది, ఎందుకు మంచిగుందో జెప్పు." వాడు చెప్పలేకపోతే మళ్లీ కొట్టాలి. కింద పడుకుని చేసే భాగాన్ని మాత్రం మేస్త్రీయే తన నడుం నొప్పితో పైపు కింద దూరి, వాడి మణికట్టు పట్టుకుని నడిపించాడు. రాత్రి ఎనిమిది గంటలు నిద్రపోకపోతే మర్నాడు టార్చి ముట్టనిచ్చేవాడు కాదు.

నాలుగోసారి టెస్టులో పట్టీలు వంచారు. ఒకదాని మీద చిన్న చీలిక తేలింది. ఇన్‌స్పెక్టర్ స్కేలు పెట్టి చూశాడు. రెండు మిల్లీమీటర్లు. హద్దులోపలే ఉంది. పాస్.

ఇప్పుడు వాడు వెల్డర్. వాడి పక్కన ఇంకో కుర్రాడు గ్రైండింగ్ పట్టుకుని నిలబడుతున్నాడు. ఆ కుర్రాడి చేతికి టార్చి వెళ్తోందో లేదో కథలో లేదు.

నీతి.

బడి వాచకాల్లో కథ కింద నల్లటి అక్షరాల్లో ఒక వాక్యం ఉండేది. ఈ కథకు చటుక్కున అతికేది 'పట్టుదల ఉంటే సాధించలేనిది లేదు' అన్న వాక్యం. అది ఈ కథకు సరిపోదు. హెల్పర్‌కు అన్నిసార్లకన్నా ఎక్కువ పట్టుదల ఉన్నది మూడో టెస్టప్పుడు. అన్నం, నిద్ర మానుకున్నంత పట్టుదల. అతుకు మధ్యకు చిట్లింది కూడా అప్పుడే. ఆటగాళ్ల జీవితాల నుంచి స్ఫూర్తి తీసుకోమంటూ గోడలకు అంటించే పోస్టర్లు చెప్పకుండా దాటేసే సంగతి ఇదే. ఒంటరి పట్టుదల ఒకోసారి మనిషిని నమిలేస్తుంది.

దీప్తి కథను పారిస్ నుంచి వెనక్కి చదివితే వీరగాథ. కల్లెడ నుంచి ముందుకు చదివితే వేరేలా ఉంటుంది. వరంగల్ జిల్లా పర్వతగిరి మండలంలోని ఆ ఊళ్లో 2003లో పుట్టిన పిల్ల ఆమె. మేధో వైకల్యం ఉంది. అందరికన్నా ముందు ఓర్చుకున్నది ఆమె కూడా కాదు, తల్లిదండ్రులు. ఊరంతా వదిలెయ్యమన్న బిడ్డను వదలకపోవడానికి ఏ స్టేడియంలోనూ పతకం ఇవ్వరు. తర్వాత ఊరి బడిలో వ్యాయామ ఉపాధ్యాయుడి కన్ను పడింది. ఆ తర్వాత స్ప్రింటర్ ద్యుతీ చంద్‌కు శిక్షణ ఇచ్చిన నాగపురి రమేశ్ చూశారు. ఆ తర్వాత బ్యాడ్మింటన్ కోచ్ పుల్లెల గోపీచంద్. ఈ అమ్మాయికి సికింద్రాబాద్‌లోని ఒక జాతీయ సంస్థలో పరీక్షలు చేయిస్తే పారా క్రీడల్లోకి వెళ్లవచ్చని ఆయన సూచించారు. ఆయన ఫౌండేషన్ అండగా నిలిచింది. గోపీచంద్‌కు ఈ చూపు ఎక్కడి నుంచి వచ్చిందో ఊహించడం కష్టం కాదు. 1994లో మోకాలు దెబ్బతిని, ఆపరేషన్ చేయించుకుని, 2001లో ఆల్ ఇంగ్లండ్ గెలిచిన మనిషి. ఒకరి చేతి సాయం లేకుండా ఎవరూ లేచి నిలబడరని ఆయనకు ఒకరు చెప్పనక్కర్లేదు.

పరుగెత్తే కాళ్లు, పంపించే చేతులు ఉన్నా, లోపలికి రానిచ్చే తలుపు ఒకటి ఉండాలి. ఆ తలుపు కథ చాలామందికి తెలియదు. 2000 సిడ్నీ పారాలింపిక్స్‌లో మేధో వైకల్యం విభాగంలో స్పెయిన్ బాస్కెట్‌బాల్ జట్టు స్వర్ణం గెలిచింది. ఆ జట్టులో 12 మందిలో 10 మందికి ఏ వైకల్యమూ లేదని తర్వాత బయటపడింది. మోసం చేసింది వాళ్లు, శిక్ష పడింది నిజంగా ఆ వైకల్యం ఉన్న క్రీడాకారులందరికీ. ఆ విభాగం మొత్తాన్నీ పక్కన పెట్టేశారు. తిరిగి 2012 లండన్‌లోనే చేర్చారు. దీప్తి ఇంకో పదేళ్లు ముందు పుట్టి ఉంటే, ఎంత వేగంగా పరుగెత్తినా, తన మంచి వయసులో కొంత భాగం ఆ మూసిన తలుపు ముందే గడిచిపోయేది. గెలిచినవాళ్లను చూసి ఓడినవాళ్లకు పట్టుదల లేదని తేల్చేసే ముందు, వాళ్ల కాలంలో తలుపు తెరిచి ఉందో లేదో కనుక్కోవడం మర్యాద.

ఇక ఆ పరుగు. 2024 మే నెలలో జపాన్‌లోని కోబెలో ప్రపంచ పారా అథ్లెటిక్స్‌లో దీప్తి 55.07 సెకన్లలో పరుగెత్తి స్వర్ణంతో పాటు ప్రపంచ రికార్డు తెచ్చుకుంది. నాలుగు నెలలు కూడా నిలవలేదు ఆ రికార్డు. పారిస్ ఫైనల్‌కు ముందు రోజు, హీట్స్‌లో టర్కీ అమ్మాయి ఐసెల్ ఓండెర్ 54.96తో దాన్ని తీసేసుకుంది. అంటే దీప్తి ఫైనల్ గీత దగ్గర నిలబడినప్పుడు ఆమె చేతిలో రికార్డు లేదు. పరుగెత్తింది కూడా తన ఉత్తమ సమయం కన్నా ముప్పావు సెకను నెమ్మదిగా. ఉక్రెయిన్‌కు చెందిన యూలియా షూలియార్ 55.16తో స్వర్ణం, ఓండెర్ 55.23తో రజతం గెలుచుకున్నారు. అయినా పారాలింపిక్స్‌లో పతకం గెలిచిన తొలి మేధో వైకల్యం గల భారత క్రీడాకారిణి దీప్తియే. ఎప్పుడూ నిన్నటికన్నా ముందుండాలని పిల్లలకు నూరిపోస్తున్నాం. ఆ రాత్రి ఆమె మేలో ఉన్న తనకన్నా వెనకే ఉంది. ఆగకుండా గీత దాటింది, అంతే. నాకైతే కోబె స్వర్ణం కన్నా పారిస్ కాంస్యమే ఎక్కువ నచ్చింది.

పతకం తర్వాతి సంగతులు అందరికీ తెలిసినవే. అంతకు ముందు ఏడాది హాంగ్‌జౌ ఆసియా పారా క్రీడల్లో స్వర్ణం గెలిచాక వచ్చిన నజరానాతో ఆ కుటుంబం అమ్ముకున్న పొలాన్ని తిరిగి కొనుక్కుంది. పారిస్ తర్వాత తెలంగాణ ప్రభుత్వం కోటి రూపాయలు, గ్రూప్-2 ఉద్యోగం, వరంగల్‌లో 500 గజాల స్థలం ప్రకటించింది. కోచ్‌కు 10 లక్షలు. అన్నీ న్యాయమే, ఒక్క రూపాయి ఎక్కువ లేదు. కానీ మన ఔదార్యమంతా గీత అవతల నిలబడి ఎదురుచూస్తుంది. గీత ఇవతల, కల్లెడ నుంచి హైదరాబాద్‌కు టికెట్ దగ్గర, చాలామంది పిల్లలు ఆగిపోతారు. వాళ్ల పేర్లు మనకు తెలియవు, ఎందుకంటే వాళ్లు బస్సెక్కలేదు.

అందుకే ఈ కథలో నీతి హెల్పర్‌కు చెప్పాల్సినది కాదు. వాడికి దాని అవసరం లేదు. ఓపికకు ఈ ప్రాంతంలో కరువు లేదు. తెల్లవారుజామున ముత్తంగి, ఇస్నాపూర్ రోడ్ల మీద కంపెనీ బస్సుల కోసం టిఫిన్ డబ్బాలతో నిలబడ్డవాళ్లను చూసిన ఎవరికైనా అది తెలుసు. నీతి మేస్త్రీకి. ఆయన దీప్తి కథను కుర్రాడిలో ధైర్యం నింపడానికి చెప్పడం మొదలుపెట్టాడు. సగంలో కథ ఆయన వైపే తిరిగింది. చూసి నేర్చుకోవాలె అనే మాట చెప్పుకుంటూ తాను ఎన్నేళ్లు ఎవరి టికెట్ డబ్బులు ఎగ్గొట్టాడో అప్పుడు తెలిసింది. ఆటగాళ్ల కథలు వింటే మనమంతా మనల్ని పరుగెత్తే మనిషి స్థానంలో ఊహించుకుంటాం. మనలో ఎక్కువమందికి దక్కే పాత్ర అది కాదు. బడిలో వ్యాయామ ఉపాధ్యాయుడి పాత్ర, కోచ్ పాత్ర, పరీక్ష చేయించమని సూచించిన మనిషి పాత్ర దక్కుతుంది. దాన్ని చాలాసార్లు చేతులారా వదిలేస్తాం.

పాశమైలారంలోనో పటాన్‌చెరులోనో మీ చేతికింద ఒక హెల్పర్ ఉంటే, ఈ వారం ఒక పూట టార్చి వాడి చేతికి ఇవ్వండి. మీరు బడిపంతులైతే, మైదానంలో చివరి వరసలో నిలబడే పిల్లను ఒకసారి గీత దగ్గరకు పిలవండి. ఖర్చయిన గ్యాస్, పోయిన గంట మీ లెక్కలో రాసుకోండి.